వ్యాసార్ధమా, వ్యాసార్థమా? – వృత్తం చుట్టూ కొన్ని మాటలు

సందేహం: మా అమ్మాయి తెలుగు మాధ్యమంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. వృత్తాల పాఠంలో ఒక పుస్తకంలో ‘వ్యాసార్ధం’ అనీ, మరో పుస్తకంలో ‘వ్యాసార్థం’ అనీ ఉంది. ఏది రాయాలి? తెలుగు పరీక్షలో రాసే వ్యాసానికీ, లెక్కల్లో గీసే వ్యాసానికీ సంబంధం ఉందా? వృత్తం చుట్టూ ఉండే గీతను ‘పరిధి’ అనాలా, ‘చుట్టుకొలత’ అనాలా? వృత్తం, వలయం ఒకటేనా? ‘జ్యా’ అన్న మాటకు చివర దీర్ఘం ఎందుకు? ఆ పాఠం బిగ్గరగా చదివిస్తుంటే ‘చాపం’ దగ్గరకు వచ్చేసరికి మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఈ మాటల గురించి వివరించగలరు.

సమాధానం: ముందు పరీక్ష సంగతి. ధకారంతో ‘వ్యాసార్ధం’ అని రాయడమే సరి. వ్యాసంలో అర్ధం, అంటే సగం, కనుక అది వ్యాసార్ధం. సంస్కృతంలో ‘అర్ధ’ శబ్దానికి సగమనీ, ‘అర్థ’ శబ్దానికి భావం, ప్రయోజనం, ధనం, వస్తువు అనీ అర్థాలు. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధాంగి, అర్ధనారీశ్వరుడు, వెనకటి తరం వాడిన అర్ధణా, ఇవన్నీ మొదటి కుటుంబానికి చెందినవి. పదార్థం, స్వార్థం, విద్యార్థి, పరమార్థం, అర్థశాస్త్రం రెండో కుటుంబానివి. అనుమానం వచ్చినప్పుడు ఆ మాట స్థానంలో ‘సగం’ పెట్టి చూడమని మీ అమ్మాయికి చెప్పండి. ‘వ్యాసంలో సగం’ అంటే లెక్క సరిపోతుంది కాబట్టి ధకారం పడుతుంది. థకారంతో రాస్తే ఆ మాటకు ‘వ్యాసం యొక్క భావం’ అనో ‘వ్యాసం కోసం’ అనో చెప్పుకోవలసి వస్తుంది, అది వృత్తానికి ఏ విధంగానూ అతకదు.

అయితే ఈ పొరపాటు ఎలా పుట్టిందన్నది నాకు పొరపాటు కన్నా ఆసక్తికరంగా కనిపిస్తుంది. తెలుగువాళ్ల నోట థకారం నిలవదు. కథను ‘కధ’ అనీ, రథాన్ని ‘రధం’ అనీ, విద్యార్థిని ‘విద్యార్ధి’ అనీ పలకడం, పలికినట్టే రాయడం మనకు మామూలు. ఈ అలవాటును మాన్పించడానికి బళ్లో పంతుళ్లు ‘కడుపులో చుక్క పెట్టు, చుక్క పెట్టు’ అని ఎన్నిసార్లు చెప్పి ఉంటారో లెక్కలేదు. థకు పొట్టలో చుక్క ఉంటుంది, ధకు ఉండదు, రెంటికీ మధ్య కంటికి కనిపించే తేడా అంతే. అది వత్తుగా మారి రకారం కిందికి దిగితే ఆ చుక్క ఆవగింజంత కూడా ఉండదు. ఇలా చుక్క మరిచిపోయినందుకు చీవాట్లు తిన్నవాడు, ఇక ఎందుకొచ్చిన గొడవ అని, అక్కర్లేని చోట కూడా చుక్క పెట్టడం మొదలుపెడతాడు. అంటే, ‘విద్యార్ధి’ అని రాసేవాడిది అశ్రద్ధ వల్ల వచ్చిన తప్పయితే, ‘వ్యాసార్థం’ అని రాసేవాడిది అతిజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు. సినిమా సమీక్షల్లో ‘ప్రథమార్థం బాగుంది, ద్వితీయార్థం సాగదీశారు’ అని కనిపించేదీ ఇదే జబ్బు. అవి ప్రథమార్ధం, ద్వితీయార్ధం. భూగోళంలోని ఉత్తరార్ధగోళం, దక్షిణార్ధగోళం కూడా అంతే. ఇన్ని అచ్చు పుస్తకాల్లో థకారం కనిపిస్తున్నప్పుడు దాన్ని రాసిన పిల్ల దగ్గర మార్కు కోయడం మాత్రం నాకు న్యాయంగా తోచదు.

ఇక్కడ వ్యాకరణం బాగా చదువుకున్నవారు ఇంకో అభ్యంతరం చెప్పవచ్చు. సరిసమానమైన సగాన్ని చెప్పేటప్పుడు ‘అర్ధ’ శబ్దం సమాసంలో ముందు రావాలని పాణిని ‘అర్ధం నపుంసకమ్’ అనే సూత్రంలో చెప్పాడు. పిప్పలిలో సరిగ్గా సగం అర్ధపిప్పలి అవుతుంది. ఆ లెక్కన ఇది ‘అర్ధవ్యాసం’ కావాలి కదా అని వారి వాదన. వాదన బలమైనదే కాని, శాస్త్రకారుల ప్రయోగం వేరే దారిలో నడిచింది. సామాన్య శకం 499 నాటి ఆర్యభటీయంలో వృత్తవైశాల్యం చెప్పే పంక్తిని చూడండి: ‘సమపరిణాహస్యార్ధం విష్కంభార్ధహతమేవ వృత్తఫలమ్’. చుట్టుకొలతలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణిస్తే అదే వృత్తవైశాల్యం అని దీని భావం. ఇక్కడ పరిణాహం చుట్టుకొలత, విష్కంభం వ్యాసం. ఒక్క పంక్తిలో రెండు అర్ధాలున్నాయి, రెండూ ధకారంతోనే ఉన్నాయి, ‘విష్కంభార్ధం’లో అర్ధశబ్దం వెనకే వచ్చింది. దాన్ని షష్ఠీతత్పురుషంగా చెప్పుకుంటే సరిపోతుంది. కనుక పదిహేను శతాబ్దాల వాడుక ఉన్న క్రమాన్ని ఇప్పుడు తిరగేయనక్కరలేదు.

వ్యాసం మాటకు వద్దాం. ‘వి’ అనే ఉపసర్గ మీద, విసరడం అనే అర్థమున్న ‘అస్’ ధాతువు చేరి ఏర్పడిన పదం ఇది. విడదీసి పరచడం, విస్తరించడం దీని మూలార్థం. వేదాలను విభజించి విస్తరింపజేసినవాడు వ్యాసుడు. ఒక విషయాన్ని విప్పి విస్తరించి రాసినది వ్యాసం. వృత్తం ఈ కొస నుంచి ఆ కొసకు ఎంత మేర విస్తరించిందో చెప్పేది లెక్కల్లోని వ్యాసం. మూడూ ఒక్క మాటే. దీనికి ఎదురుగా నిలిచే మాట ‘సమాసం’ అని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. అదే ధాతువుకు ముందు ‘సం’ చేరితే, చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒకచోట చేర్చడం. పదాలను కుదించి కట్టేది సమాసం, విప్పి పరిచేది వ్యాసం. ‘వ్యాసార్ధం’ అన్న మాటలో వ్యాసం ఒక సమాసంలో ఒదిగిపోయి కూర్చుందని తెలుగు పంతులు చమత్కారంగా చెప్పుకోవచ్చు.

లెక్కల వ్యాసం ఎక్కడో దూరాన లేదు, గాజుల దుకాణంలో రోజూ వినిపిస్తుంది. ‘రెండు నాలుగు’, ‘రెండు ఆరు’, ‘రెండు ఎనిమిది’ అని గాజుల సైజులు అడుగుతారు కదా, అవి గాజు లోపలి వ్యాసాలు. ముందున్న అంకె అంగుళాలు, వెనకున్న అంకె అంగుళంలో పదహారో వంతులు. పదహారో వంతుకు తెలుగులో ‘వీసం’ అనే చక్కటి మాట ఉంది. కాబట్టి ‘రెండు ఆరు’ అంటే రెండు అంగుళాల ఆరు వీసాలు, ‘రెండు ఎనిమిది’ అంటే రెండున్నర అంగుళాలు. ఒకసారి మా కోడలికి గాజులు తెద్దామని, వేళ్లు దగ్గరకు ముడిచిన చేతికి దారం చుట్టి, ఆ ముక్క పట్టుకుని బజారుకు వెళ్లాను. దుకాణం ఆయన దారం వంక చూసి, ‘ఇది కాదండీ, ఇంట్లో పాత గాజు ఉంటే పట్టుకురండి’ అన్నాడు. నేను తీసుకువెళ్లింది చుట్టుకొలత, ఆయనకు కావలసింది వ్యాసం. నా దారం దాదాపు ఏడున్నర అంగుళాలు ఉంది. దాన్ని 3.1416తో భాగించి ఉంటే ‘రెండు ఆరు’ అని నేనే చెప్పగలిగేవాణ్ణి. భాషాశాస్త్రం చదివినవాడికి ఆ సమయానికి భాగహారం తట్టలేదు.

మీ మూడో ప్రశ్నకు సమాధానం ఈ దారంలోనే ఉంది. పరిధి గీత పేరు, చుట్టుకొలత ఆ గీత పొడవు పేరు. ‘పరి’ అంటే చుట్టూ, ‘ధా’ అంటే ఉంచడం. చుట్టూ ఉంచినది, ఆవరించి ఉన్నది పరిధి. చుట్టుకొలత పేరులోనే కొలత ఉంది, పైగా అది వృత్తానికే ప్రత్యేకం కాదు, త్రిభుజానికి, చేనుకు, చెరువుకు, చెట్టు మొదలుకు, దేనికైనా చెల్లుతుంది. చెరువు చుట్టుకొలత అంటాం కాని, చెరువు పరిధి ఇన్ని గజాలు అనం. శాస్త్రగ్రంథాల్లో పరిధి అన్న మాటనే పొడవుకు కూడా వాడిన మాట నిజమే. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ‘వ్యాసే భనందాగ్నిహతే విభక్తే ఖబాణసూర్యైః పరిధిః స సూక్ష్మః’ అన్నాడు. భ అంటే నక్షత్రాలు 27, నందులు 9, అగ్నులు 3. వీటిని కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే 3927 వస్తుంది. ఖ అంటే ఆకాశం, సున్న. బాణాలు 5, సూర్యులు 12. అది 1250. వ్యాసాన్ని 3927తో గుణించి 1250తో భాగిస్తే సూక్ష్మమైన పరిధి వస్తుందన్నమాట. ఇక్కడ పరిధి స్పష్టంగా పొడవే. అందుచేత ‘వృత్తపరిధి 44 సెంటీమీటర్లు’ అని రాస్తే తప్పనలేము. అయినా పాఠ్యపుస్తకం రాసేవారు గీతకు పరిధినీ, పొడవుకు చుట్టుకొలతనూ వేరుచేసి వాడితే పిల్లలకు మేలని నా అభిప్రాయం.

పరిధి విషయంలో అంతకంటే పెద్ద చిక్కు విభక్తితో వస్తుంది. ‘ఫలానా పోలీస్ స్టేషన్ పరిధిలో దొంగతనం జరిగింది’ అని పత్రికలో రాస్తే, ఆ స్టేషన్ సరిహద్దుల లోపల అని మనకు తెలుస్తుంది. ‘అది నా పరిధిలో లేదు’ అన్నా అంతే, హద్దు లోపలున్న మేర అంతా పరిధి అయిపోయింది. ఈ అలవాటుతో లెక్కల్లో ‘వృత్తపరిధిలో ఒక బిందువు తీసుకొనుము’ అని రాస్తే, బిందువు గీత మీద ఉందో, గీత లోపల ఉందో తేలదు. జ్యామితిలో ‘పరిధిపై’ అని రాయాలి. ఒక్క ‘లో’ బదులు ‘పై’ పడితే సందిగ్ధం పోతుంది. కేంద్రానికీ ఇలాంటి గతే పట్టింది. గ్రీకు నుంచి మన జ్యోతిశ్శాస్త్రంలోకి వచ్చిన ఆ మాట ఇప్పుడు జిల్లాకేంద్రం, పరీక్షాకేంద్రం, నిధులివ్వని కేంద్రం అంటూ ఊరంతా తిరుగుతోంది. అయితే దానివల్ల లెక్కల్లో గందరగోళమేమీ లేదు కనుక దాన్ని వదిలేద్దాం.

వృత్తం, వలయం ఒకటి కావు. తిరగడం, వర్తించడం అనే అర్థమున్న ‘వృత్’ ధాతువు నుంచి వృత్తం వచ్చింది. వర్తులం కూడా దాని తోబుట్టువే. ప్రాకృతంలో అది ‘వట్టం’ అయింది, తమిళులు ఈనాటికీ వృత్తాన్ని వట్టం అనే అంటారు. తెలుగులో గుండ్రటిదాన్ని ‘వట్రువ’ అనేవారు. ఇప్పుడు ఆ మాట ఎవరూ వాడరు కాని, ఒకచోట మాత్రం చెక్కుచెదరకుండా దాగి ఉంది. ‘వృత్తం’ అని రాయడానికి వకారం పక్కన చుట్టే ఋకారపు గుర్తు పేరు వట్రుసుడి. వలయం మాటకు అసలు అర్థం కంకణం, కడియం. కంకణానికి లోపలి అంచు ఒకటి, వెలుపలి అంచు ఒకటి ఉంటాయి, నడుమ కాస్త వెడల్పు ఉంటుంది. ఒకే కేంద్రం ఉన్న రెండు వృత్తాల మధ్య భాగానికి వలయం అన్న పేరు అందుకే నప్పింది. పళ్లెంలో పెట్టిన చిల్లుగారెను పైనుంచి చూస్తే కనిపించేది వలయం. 2019 డిసెంబరు 26న సూర్యుడి నడిమి భాగాన్ని చంద్రుడు కప్పేసి చుట్టూ మెరిసే అంచు మాత్రం మిగిల్చినప్పుడు మన పత్రికలు ‘వలయాకార సూర్యగ్రహణం’ అని రాశాయి, అది సరైన ప్రయోగం. తొమ్మిదో శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో ఈ ఆకారాన్ని ‘చక్రవాళవృత్తం’ అని, వృత్తానికి బయటివైపున ఉన్నదీ లోపలివైపున ఉన్నదీ అని రెండుగా విడదీసి చెప్పాడు. నన్నయ కాలానికి దగ్గరివాడైన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. ఇంత తేడా పాటించిన భాషలోనే, రెండు చేతులూ ఆకాశంలోకి చాచి ఎక్కడా మూసుకోని గీతకు ‘పరావలయం’ అన్న పేరెలా స్థిరపడిందో నాకు అంతుపట్టదు. కంకణం ఎప్పుడూ తెరుచుకుని ఉండదు కదా.

ఇదే సందర్భంలో మరొకటి. లెక్కల్లో వృత్తం అంటే గీత మాత్రమే. గాజు లోపలి అంచు వృత్తం, రూపాయి బిళ్ళ వృత్తం కాదు, వృత్తమూ దాని లోపలి భాగమూ కలిసినది. గాజును కాగితం మీద పెట్టి, లోపలి అంచు వెంట పెన్సిలు తిప్పి, గాజు తీసేస్తే మిగిలేది వృత్తం. ఆ లోపలంతా రంగు నింపితే అది బిళ్ళ. ‘వృత్తవైశాల్యం’ అని మనం అలవాటుగా అనేది నిజానికి ఆ బిళ్ళ వైశాల్యం. ఇంత చక్కటి తెలుగు మాటను పాఠ్యపుస్తకాలు గడపలోకి రానివ్వక, ‘వృత్తాకార ప్రదేశం’ అనే బరువైన పేరుతో కాలక్షేపం చేస్తున్నాయి.

ఇక జ్యా. జ్యా అంటే వింటినారి, అల్లెత్రాడు. చాపం అంటే విల్లు. వృత్తం మీద రెండు బిందువులు తీసుకుని వాటిని సరళరేఖతో కలిపి చూడండి, వంపు తిరిగిన ముక్క విల్లులాగా, తిన్నని గీత దాని నారిలాగా కనిపిస్తాయి. నారి నడిమధ్య నుంచి వంపు నడిమధ్యకు గీసిన గీతను పూర్వులు శరం, అంటే బాణం, అన్నారు. మూడు గీతలతో ఎక్కుపెట్టిన విల్లు బొమ్మ పూర్తయింది. తమిళులు ఈ బొమ్మను తమ మాటల్లోనే ఉంచుకుని చాపాన్ని ‘విల్’ అనీ, జ్యాను ‘నాణ్’ అనీ పిలుస్తారు. మనం కూడా విల్లు, నారి అని ఉంటే పిల్లలు నిర్వచనం బట్టీ పట్టే పని తప్పేది. ఇప్పుడు మార్చమని నేను అనను కాని, పాఠం చెప్పేవారు బోర్డు మీద ఒక్కసారి విల్లు గీసి చూపిస్తే జ్యా ఏదో చాపం ఏదో జన్మలో మరిచిపోరు.

జ్యా కథ మన దేశంతో ఆగలేదు. మన జ్యోతిషులు సగం జ్యాను, అంటే అర్ధజ్యాను, పట్టికలుగా కట్టి, వాడుకలో దాన్ని జ్యా, జీవా అనేవారు. అరబ్బులు దాన్ని ‘జీబా’ అని తీసుకున్నారు. అచ్చులు రాయని లిపి కావడంతో తరవాతివారు ఆ అక్షరాలను ‘జైబ్’ అని చదివారు. జైబ్ అంటే దుస్తుల మడత, జేబు. లాటిన్‌లోకి అనువదించినవారు మడత, వంపు అనే అర్థమున్న ‘సైనస్’ అనే మాట వేశారు. అదే తిరిగి తిరిగి మన త్రికోణమితి పాఠానికి ‘సైన్’ అయి వచ్చింది. మన చొక్కాకున్న జేబు కూడా ఆ అరబ్బీ జైబే, పారశీకం మీదుగా వచ్చింది. ఒకే పిల్ల ఒకే పుస్తకంలో ఒక పేజీలో జ్యా అనీ, మరో పేజీలో సైన్ అనీ రాస్తుంది, రెండూ ఒకే మాటకు రెండు రూపాలని ఆమెకు ఎవరూ చెప్పరు.

దీర్ఘం ఎందుకని అడిగారు. సంస్కృతంలో ఆకారాంతమైన స్త్రీలింగ పదాలు తెలుగులోకి వచ్చేటప్పుడు చివర హ్రస్వమవుతాయి. విద్యా, మాలా, శాలా అన్నవి మనకు విద్య, మాల, శాల. జ్యా మాత్రం ఒక్క అచ్చే ఉన్న పదం కావడంతో, స్త్రీ, శ్రీ అన్న మాటల్లాగే దీర్ఘాన్ని నిలుపుకుంది. ‘జ్య’ అని పొట్టి చేస్తే మాట చేతిలో నిలవదు. దీనికి మంచి సాక్ష్యం ‘త్రిజ్య’. మూడు రాశులకు, అంటే 90 డిగ్రీలకు, కట్టిన జ్యా (పైన చెప్పిన అర్ధజ్యా) వ్యాసార్ధానికి సమానం కనుక వ్యాసార్ధానికి త్రిజ్యా అని మరో పేరు. హిందీవారికీ కన్నడిగులకూ ఈనాటికీ అదే వాడుక. తెలుగులోకి వచ్చేసరికి రెండు అచ్చులున్నాయి కాబట్టి రివాజు ప్రకారం హ్రస్వమై ‘త్రిజ్య’ అయింది. మనం వ్యాసార్ధాన్ని ఎంచుకుని త్రిజ్యను వదిలేసినా, సెక్టరుకు తెలుగులో పెట్టిన ‘త్రిజ్యాంతరం’ అన్న పేరులో అది చిక్కుకుని ఉండిపోయింది. రెండు త్రిజ్యల నడుమ ఉన్నది అని దాని భావం. త్రిజ్య అంటే ఏమిటో చెప్పకుండా త్రిజ్యాంతరం నేర్పడం వల్లనే ఆ మాట పిల్లలకు కొరుకుడు పడదు.

చివరిగా మీ అమ్మాయి నవ్వు. ఆమెకు చాపం అనగానే కింద పరుచుకునే చాప గుర్తొచ్చి ఉంటుంది. పలుకుబడిలో ఈ రెండింటికీ పోలిక లేదు. అచ్చతెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ అచ్చులతో కూడిన చకారం దంత్యం, నాలుక కొన పళ్ల దగ్గరకు వెళుతుంది, చాప, చాలు, చుట్టు అన్నప్పుడు వినిపించేది అదే. సంస్కృతం నుంచి వచ్చిన తత్సమాల్లో చకారం ఎప్పుడూ తాలవ్యమే, ‘చిలక’లోని చకారంలాగా నాలుక అంగిలికి తగులుతుంది. చాపం, చక్రం, చంద్రుడు అలాంటివి. పాత పుస్తకాల్లో దంత్యానికి నెత్తిన తెలుగు రెండు అంకె లాంటి గుర్తు పెట్టి ‘ౘాప’ అని రాసేవారు, ఇప్పుడు రెండింటినీ ఒకే అక్షరంతో రాస్తున్నాం కనుక తేడా నోటికే వదిలిపెట్టాల్సి వస్తోంది. ‘ఈ చాపం పొడవెంత’ అన్నప్పుడు చకారాన్ని ‘చిలక’లోని చకారంలా పలికించి చూడండి, చాప గుర్తు రాదు.